పోస్టర్‌లోనే ఉంది చూడు

"బెనెవా అంత్యక్రియల గ్రూపు. క్వాటెంగ్. ఫోటో," అంది ఫోన్.

"ఫోటో అట, ఫోటో! నా తలకాయ!" అంటూ అఫ్రియే ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టింది. పుట్టు గుడ్డిదానికి ఫోటో పంపే మనుషుల్ని ఏమనాలి? రాసి పంపితే రామాయణమంత ఉన్నా ఆమె ఫోన్ గడగడా చదివి వినిపిస్తుంది. బొమ్మగా పంపితే మాత్రం "ఫోటో" అని నోరు మూసుకుంటుంది. ఈ ఒక్క ముక్క ఆ గ్రూపులో రాసీ రాసీ ఆమె వేళ్ళు అరిగిపోయాయి.

కుమాసీ పట్నంలో మనిషి పోతే ముందు పుట్టేది పోస్టర్. నడుమ పోయినవాళ్ళ నవ్వుముఖం, చుట్టూ పూలు, బంగారు రంగు మెలికల అక్షరాల్లో ఎప్పుడు, ఎక్కడ. కిందంతా మేనమామలు, కొడుకులు, కోడళ్ళు, లండన్‌లో ఉన్న అల్లుళ్ళు. ఇదివరకు గోడలకు అతికించేవాళ్ళు. అప్పుడు కనీసం పక్కింటివాళ్ళు పైకి చదివేవాళ్ళు. ఇప్పుడు గ్రూపులో పడేసి చేతులు దులుపుకుంటున్నారు.

"దయచేసి ఎవరైనా అందులో ఏముందో రాయండి. నాకు కనపడదు," అని అఫ్రియే మొన్న కూడా రాసింది. జవాబుగా ఫోన్ ఏం చదివిందో తెలుసా? "జోడించిన చేతులు. జోడించిన చేతులు. ఏడుస్తున్న ముఖం. ఆమెన్." ఆ తర్వాత ఎవరో మహానుభావురాలు, "అంతా పోస్టర్‌లో స్పష్టంగా ఉంది చూడమ్మా," అంది. ఇంకొకాయన, "నీ ఫోన్ మాట్లాడుతుందిగా, అదే చదివిపెడుతుందిలే," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

పోనీ అని బొమ్మల్లో అక్షరాలు చదివే యాప్ పెట్టి చూసింది. అది లండన్ అల్లుళ్ళందరి పేర్లూ శుభ్రంగా చదివింది. అసలు కావలసిన చోటికి వచ్చేసరికి, ఆ మెలికల అక్షరాలు దానికీ కొరుకుడు పడలేదు. "నవ్వుతున్న ఒక వృద్ధురాలు, పక్కన ఒక స్త్రీ, గులాబీలు," అని ముగించింది. చివరికి గురువారం క్వాటెంగ్‌కు ఫోన్ చేస్తే, "శనివారం తెల్లవారుజామున, మా పెద్దింట్లోనే. నువ్వు లేకుండా ఎలా జరుగుతుందమ్మా!" అన్నాడు. అతను పోయిన బెనెవా అవ్వకు అక్క కొడుకు, అంత్యక్రియల కమిటీకి పెద్ద.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం మళ్ళీ ఈ ఫోటో. వారం నుంచీ అదే పోస్టర్‌ను ప్రతివాడూ తిరిగి తిరిగి పంపుతున్నాడు. అయినా మనసాగక మళ్ళీ యాప్‌కు చూపించింది. మళ్ళీ అల్లుళ్ళు, మళ్ళీ గులాబీలు. క్వాటెంగ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేసింది, చేసింది, ఎత్తలేదు.

ఆమె ఆరాటమంతా అవ్వకు ఇచ్చిన ఒక మాట కోసం. కళ్ళులేని పిల్లను మూల కూర్చోబెట్టండి అని ఊరంతా అన్న రోజుల్లో, బెనెవా అవ్వ ఆమెను తన వాకిట్లోకి లాక్కుని, "ఏడవడానికి కళ్ళెందుకే? గొంతు చాలు," అని చావుపాటలు నేర్పింది. ఎవరి మనవరాలివి, ఏ నది ఒడ్డువాళ్ళు నీ వాళ్ళు అని పేరుపేరునా పిలిచి సాగనంపే పాటలవి. అవ్వ తన తల్లి వైపు పూర్వీకుల పేర్లన్నీ అఫ్రియేకు మాత్రమే అప్పజెప్పింది. "శవపెట్టె మూత వెయ్యకముందు నా చెవిలో పాడు. మైకులో కాదే, నా చెవిలో. ఆ పేర్లు వింటేగానీ అవతల నన్నెవరు గుర్తుపడతారు? మూతపడ్డాక పాడేదంతా బతికున్నవాళ్ళ కోసం," అంది. అఫ్రియే ఆమె చేతిలో చెయ్యి వేసి సరేనంది.

శనివారం ఇంకా చీకటుండగానే నల్లబట్ట చుట్టుకుని, టాక్సీలో పెద్దింటికి చేరింది. డప్పు లేదు, ఏడుపు లేదు. కోడి కూస్తోంది. గేటు దగ్గర ఎవరో గంజి జుర్రుతున్నారు.

"ఎవరూ లేరేంటి?"

"ఇక్కడెందుకుంటారమ్మా?" అన్నాడు కాపలావాడు. "నిన్న వానకి వాకిలంతా మునిగిపోయింది. స్కూలు మైదానానికి మార్చారు. సాయంత్రమే గ్రూపులో కొత్త పోస్టర్ వేశారుగా, చూళ్ళేదా?"

అఫ్రియే టాక్సీ వెనక్కి తిప్పించింది. దారిలో మేకలు, బురద, చర్చి వ్యాను. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. "పోనీ నాయనా, పోనీ," అంటూనే ఉంది ఆమె. అవ్వ చెప్పిన పేర్లను లోపల ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్ళింది.

మైదానంలో కాలు పెట్టగానే సుత్తి చప్పుడు వినిపించింది. చెక్క మీద మేకు. కర్ర తడుముకుంటూ పరుగెత్తింది. కుర్చీలు తగిలాయి, ఎవరి కాలో తొక్కింది. చేరేసరికి సుత్తి ఆగిపోయింది.

"ఇప్పుడా రావడం?" క్వాటెంగ్ గొంతు. అతనికే కోపంగా ఉంది, చూడండి విడ్డూరం! "నీ కోసం ఎంతసేపు ఆపామో తెలుసా? మైకులో ఎన్నిసార్లు పిలిచాం! జనం ముందు నా పరువు తీశావు కదమ్మా!"

"మూత తియ్యన్నా."

"మేకు కొట్టాక తీస్తారా ఎక్కడైనా? పెద్దలు ఒప్పుకుంటారా? అయినా నీకు తెలియకపోవడమేంటి? పోస్టర్‌లో నీ పేరు కూడా వేయించాను! 'చావుపాట: అఫ్రియే' అని బంగారు అక్షరాల్లో! నీ ఫోటో కూడా పెట్టించాను, అవ్వ పక్కనే!"

అఫ్రియే చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. వారం నుంచీ తన చేతిలోనే ఉంది తన పేరు. దాన్ని ఊరంతా చూసింది. చూసి చేతులు జోడించారు.

"నా ఫోటో వేశావా?" అంది. "గుడ్డిదాని ఫోటో వేసి, గుడ్డిదానికే పంపావా? ఎంత తెలివయ్యా! డబ్బు పోసి బంగారు అక్షరాలు చెక్కించావు గానీ, 'మైదానానికి రా' అని రెండు ముక్కలు రాయడానికి నీ వేళ్ళు పడిపోయాయా? నా ఫోన్ ఎత్తడానికి చెయ్యి రాలేదా?"

"పందిళ్ళు మార్చే హడావుడిలో..."

"రాయండి మహాప్రభో అని అందరి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఒక్కరికి పట్టిందా? ఆమెన్ అట! మీ ఆమెన్ తగలెయ్య! అవ్వ నన్ను ఒక్కటే అడిగింది. ఆ ఒక్కటీ మీరు మేకులు కొట్టి మూసేశారు!"

పక్కన ఒక ఆడమనిషి ముక్కు చీదింది. "నాకూ రాయాలనే అనిపించింది, ఎవరైనా రాస్తారులే అనుకున్నాను," అంది మెల్లగా. అదే కదా, అందరూ అదే అనుకున్నారు.

"సరేలే చెల్లెమ్మా, తప్పైపోయింది," అని క్వాటెంగ్ ఆమె చేతిలో మైకు పెట్టాడు. "పాడు. వీడియోవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారు. లండన్‌లో మనవాళ్ళు లైవ్‌లో చూస్తున్నారు."

అఫ్రియే మైకును నేల మీద పడేసింది. స్పీకర్లు కీచుమన్నాయి. తడుముకుంటూ పెట్టెను పట్టుకుంది. వార్నిష్ ఇంకా అంటుకుంటోంది. తల ఎటువైపో చేత్తో వెతికి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కకు పెదవులు ఆనించి పాడటం మొదలుపెట్టింది. తల్లి పేరు, తల్లి తల్లి పేరు, నది పేరు. గొంతు పైకి రానివ్వలేదు.

"ఆంటీ, కొంచెం గట్టిగా!" అన్నాడు వీడియో అబ్బాయి. "బొమ్మ బాగా వస్తోంది గానీ, ఏం వినిపించట్లేదు."

ఆమె ఇంకా గొంతు తగ్గించింది. క్వాటెంగ్ వంగి చెవి పెట్టబోతే మోచేత్తో నెట్టేసింది. పేర్లన్నీ అయిపోయేదాకా ఒక్కటీ వదలకుండా చెక్కకే చెప్పింది. లోపల అవ్వకు వినిపించిందో లేదో ఆమెకు తెలియదు.