కనకం కాళ్ళ వాపు

మా ఆవిడ కనకమహాలక్ష్మి కాళ్ళు ఎందుకు వాచాయో డాక్టరుకు తప్ప మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. డాక్టరుకు ఎందుకు తెలియదంటే, వెళ్ళి అడిగిన పాపాన ఎవరూ పోలేదు కనుక.

చెరకురసం కాచే బెల్లం పెనం దగ్గర పొద్దస్తమానం నిలబడితే వాయవా అన్నాడు పక్కింటి తాతబ్బాయి. ఎండుచేపలు మానేస్తే తగ్గుతుందంది మా వదిన. నూకాలమ్మకు మొక్కుకోమన్నారు ఇంకొకరు. మా ఊళ్ళో సూదిమందులు వేసే నానాజీ రక్తం తక్కువన్నాడు, ఏవో మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే ఒకటికి తెగ పోయి వాపు లాగేసింది. నానాజీ మీసం మెలేశాడు. మాత్రలయిపోగానే వాపు మళ్ళీ వచ్చింది. పరవాడ కంపెనీలో చేసే మా అమ్మాయి ఇందు ఒక్కతే పెద్దాసుపత్రిలో చూపించమని పోరింది. దాని మాట ఎవరు వింటారు?

అందరివీ విని నా బుర్ర బెల్లం పాకమైపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టు, కనకం భయం మాత్రం వేరే. వాళ్ళమ్మ అప్పలకొండమ్మకు బోదకాలు ఉండేది. పెళ్ళిళ్ళలో ఆవిడ అందరికీ ఎడంగా, బంతి చివర, చీర కాలి మీదికి లాక్కుని కూర్చునేది. ఆవిడంటే ఇష్టమున్నవాళ్ళు కూడా పక్కన ఆకు వేసుకునేవాళ్ళు కాదు. కనకం చిన్నప్పటినుంచీ అది చూసింది.

"డాక్టరు కాడికెల్తే అదేనని సెప్తాడు మావా," అంది ఒకరోజు. "ఆయన సెప్పనంతవరకూ అది కాదు."

ఈ లెక్క నాకు బోధపడలేదు. కోపం వచ్చింది. తెలిస్తే మందైనా ఉంటుంది కదా అన్నాను. మా అమ్మకేం మందు దొరికిందని ఎదురడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజే పట్టీలు తీసేసింది, చీర నేల ఊడ్చేలా కట్టడం మొదలుపెట్టింది.

నాకు కూడా ఆ భయం అంటుకుంది. బోదకాలైతే ఒక కాలు లావుగా ఉంటుందని ఎవరో అన్నారు. ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. ఒకనాడు ఎడమది లావనిపించేది, మర్నాడు కుడిది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడేది కాదు. మొదట్లో తెల్లారేసరికి వాపు తగ్గిపోయేది. తర్వాత అదీ లేదు.

ఆ తర్వాత గోడకు దుప్పట్లు ఎత్తుగా పేర్చుకుని, కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఉక్కిరిబిక్కిరిగా ఉందంటే పెనం పొగవల్ల అనుకున్నాం. కాళ్ళెక్కడ, ఊపిరెక్కడ? ఆ రెంటినీ కలిపి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఒకరోజు పొద్దున్న పొలంలో ఉన్న నాకు చోడిపిండి అంబలి తెస్తూ సగం దారిలో గట్టు మీద చతికిలబడింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటోంది. మాట రావడం లేదు. ఇక ఆవిణ్ణి అడగలేదు. తాతబ్బాయి ఆటో పిలిచి అనకాపల్లి ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. ముందు ఆక్సిజన్ పెట్టించింది. కాళ్ళు ఓసారి నొక్కి చూసి వదిలేసింది. వెల్లకిలా పడుకోగలదా, ఎన్ని దిళ్ళు కావాలి, నడిస్తే ఆయాసం వస్తోందా అని అడిగింది. కాళ్ళ వాపు గురించి చెబుతుంటే ఈవిడకు దిళ్ళ గొడవేమిటో నాకు అర్థం కాలేదు. రక్తం, ఒంటేలు, ఈసీజీ, గుండె స్కానింగు అన్నీ చేయించింది.

మందులు ఎక్కి కనకానికి ఊపిరి కాస్త కుదుటపడ్డాక మంచం పక్కనే నిలబడి చెప్పింది. గుండె బలహీనపడిందట. రక్తాన్ని గట్టిగా తోయలేక, నీరు కాళ్ళలోనూ ఊపిరితిత్తుల్లోనూ నిలిచిపోతోందట. నిలబడి పనిచేస్తే వచ్చిన వాపు ఓ రాత్రి పడుకుంటే తగ్గాలి, రోజులు గడిచినా తగ్గకపోతే, నొక్కితే గుంట పడుతుంటే చూపించుకోవాలి కదా అంది. ఆయాసం కూడా తోడైతే ఒక్క పూట ఆగకూడదంది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా అంతేనట. నానాజీ మాత్రలు నీటిని తీశాయే కానీ జబ్బును చూడనివ్వలేదంది. మందులతో నెట్టుకురావచ్చు, కానీ మొదట్లోనే వచ్చి ఉంటే, అని ఆగిపోయింది.

మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాను.

"బోదకాలు కాదు కదమ్మా?" అంది కనకం.

డాక్టరమ్మ తెల్లబోయింది. "కాదమ్మా, అది కాదు. నేను చెప్పేది గుండె గురించి. జాగ్రత్తగా వినాలి మీరు."

కనకం ఇంక వినలేదు. దుప్పటి పక్కకు తోసి, చీర చీలమండల పైకి జరుపుకుని, వార్డులో అందరూ చూస్తుండగా కాళ్ళు బారజాపుకుంది. ముక్కుకు గొట్టం పెట్టుకునే నవ్వుతోంది. డాక్టరమ్మ నా వంక చూసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుత్తావేటి మావా?" అంది కనకం. "గుండె లోపలుంటాది. ఎవులికి కనబడతాది? మన అమ్మాయికి ఫోన్ సెయ్యి. అమ్మకి గుండెజబ్బని సెప్పు. ఊల్లో కూడా అందరికీ సెప్పమను."

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. ఏటైంది నాన్నా, అమ్మకి ఏటైంది అని ఇందు అవతల అడుగుతూనే ఉంది. అది మంచి కబురుగా చెప్పాలో చెడ్డ కబురుగా చెప్పాలో తెలియక నేను ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.