పొట్టముక్క

పెళ్ళై ఈ ఇంటికొచ్చిన మర్నాడు నాకు అన్నీ అపురూపమే. గుమ్మంలో హాన్-చెంగ్ చెప్పుల పక్కన నా చెప్పులు. స్నానాల గదిలోంచి అతని కూనిరాగం, అదీ శ్రుతి తప్పి. కిటికీ తెరిస్తే తైనాన్ తీరపు ఉప్పుగాలి.

వంటింట్లో అత్తయ్య పాలబొంత చేప వేసి బియ్యపు జావ కాస్తోంది. కొవ్వుతో నిగనిగలాడే పొట్టముక్క నా గిన్నెలో వేసింది.

"అమ్మా, అది నాది కదే!" అన్నాడు హాన్-చెంగ్.

"ఇన్నేళ్ళూ మింగావుగా! ఇక తోక నములు. కోడలు రేపు బిడ్డను మొయ్యాలి."

"అత్తయ్యా, పెళ్ళి నిన్ననే కదా అయింది!"

"అయితే కూర్చుని కబుర్లేమిటి మరి?"

జావ గొంతుకడ్డం పడేలా నవ్వాను.

నేను వచ్చేదాకా ఈ ఇంట్లో పంపకం ఎప్పుడూ ఒకటేనట. పొట్ట కొడుక్కి, తలా తోకా తల్లికి. చేపలు మూతపడ్డ రసాయనాల ఫ్యాక్టరీ పక్క చెరువులోవి. ఊరంతా అక్కడే వల వేసేది.

వానాకాలంలో ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి అందరి రక్తమూ తీసుకెళ్ళారు. ఫలితం చెప్పడానికి నర్సు ఇంటికే వచ్చింది. ఫ్యాక్టరీ మట్టిలోని డయాక్సిన్ అనే విషం చెరువులోకి, అక్కణ్ణుంచి చేపల్లోకి చేరిందట. కొత్తగా వచ్చాను కనుక నా రక్తంలో భయపడేంత లేదంది. అత్తయ్యకు కొంచెమే ఉంది. హాన్-చెంగ్‌కి మాత్రం ఊళ్ళో అందరికంటే ఎక్కువ.

"అదెలా అమ్మాయ్? ఒకే గిన్నెలోది తిన్నాం కదా!" అంది అత్తయ్య.

"ఆయన ఏ ముక్క తినేవారండీ?"

"పొట్ట. చిన్నప్పట్నుంచీ పొట్టే పెట్టాను."

నర్సు తల దించుకుంది. "అది కొవ్వులోనే పేరుకుంటుందండీ."

పిల్లల సంగతేమిటని అడిగాను. పెద్ద డాక్టరును కలిసేదాకా ఆగమంది.

అత్తయ్య చొక్కా చెయ్యి పైకి లాగి చాపింది. "నా రక్తం మంచిదన్నావుగా. తీసి వాడికెక్కించు."

"అలా పోదమ్మా. ఒంట్లోంచి పోవాలంటే ఏళ్ళు పడుతుంది."

"ఎంత కావాలంటే అంత తీసుకో తల్లీ."

"ఊరుకోవే అమ్మా, సూదంటే నాకు భయం," అని నవ్వబోయాడు హాన్-చెంగ్. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అత్తయ్య అన్నం, ఆకుకూర వండింది. గరిటె పట్టుకుని కొడుకు గిన్నె దాకా వచ్చి ఆగిపోయింది. గరిటె బల్ల మీద పెట్టేసింది.

"మీరే వడ్డించుకోండి," అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.