ముందు ఆబోతును చూడాలి

మామయ్యగారి చేతిరాతని కంప్యూటర్లోకి ఎక్కించడం కొత్త కోడలిగా నాకు దక్కిన పని. పెళ్లై ఏడు వారాలు. భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వచ్చిన నాకు ఇక్కడ ప్రతిదీ సరదాయే. సాయంత్రం మా ఆయన బండి వెనక కూర్చుని ఇంద్రావతి వంతెన దాకా వెళ్లడం, వేడి భజియాలు ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కోవడం, ఇంటికొచ్చిన మల్లెల్లో మొదటి మూర నాకే రావడం. అపర్ణక్కకి మిగిలాయో లేదో ఏనాడూ చూడలేదు. అక్క మా బావగారు నరేష్ భార్య. పెళ్లై తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. వంటంతా ఆవిడదే. నాకు కూర్చుని టైపు చేసుకునే తీరిక ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

మామయ్య చక్రధరరావుగారు పశువైద్య కళాశాలలో ప్రొఫెసరు. ముప్పై ఏళ్లు ఆబోతుల సంతాన సామర్థ్యం మీదే పనిచేశారు. వచ్చే నెల రిటైరవుతున్నారు, సన్మాన సంచికకి తన అనుభవాలు రాస్తున్నారు. మద్దేడ్ దగ్గర మంగల్ అనే రైతు, చూలు నిలవడం లేదని పదకొండు ఆవుల్ని సంతకి తోలుతుంటే ఈయన ఆపారట. "ఆవుల్ని అమ్మొద్దు. ముందు మీ ఆబోతును చూద్దాం" అన్నారట. చూడ్డానికి అది కొండలా ఉండేదట. జీపు బానెట్ మీద మైక్రోస్కోపు పెట్టి చూస్తే వీర్యంలో ఒక్క కణమూ కదల్లేదు. కింద ఇలా రాశారు: "మగ పశువును పరీక్షించకుండా ఆడ పశువును నిందించడం అన్యాయం."

ఎంత బాగా రాశారో! మధ్యాహ్నం భోజనాల దగ్గర గర్వంగా పైకి చదివాను.

బావగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. చారు పోస్తున్న అక్క గరిటె గాల్లోనే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సోమవారం అక్కని మూడోసారి రాయపూర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. మళ్లీ పొట్టకి గాట్లు పెట్టి లోపల చూస్తారు. బావగారికి ఇంతవరకూ ఒక్క జాంచ్, అదే పరీక్ష, లేదు. "వాడికేంది, దుక్కలా ఉన్నాడు" అంటారు అత్తయ్య.

"ఈ తెలివి నీది కాదులే," అత్తయ్య నన్ను చూసి నవ్వారు. "అపర్ణ చదవమంది కదూ? చెప్పమ్మా."

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ నవ్వు పోతే ఈ ఇంట్లో నేనూ ఇంకో అపర్ణనైపోతాననిపించింది. అవునని తలూపాను.

"అవునత్తయ్యా, నేనే చదవమన్నాను," అంది అక్క. చారు పోసింది, ముందు నాకే.

సాయంత్రం తలనొప్పని చెప్పి బండెక్కలేదు. "బామ్ రాయనా?" అంటూ అక్కే వచ్చింది. ఒక్క నిష్ఠూరమాడినా బతికిపోయేదాన్ని. ఆడలేదు. నేను కళ్లు మూసుకుని రాయించుకున్నాను.

మర్నాడు మామయ్య కాగితాలు తిరగేస్తూ, "ఆ మద్దేడ్ సంగతి తీసెయ్యమ్మా. ఇంట్లో అనవసరంగా గొడవ" అన్నారు.

"రైతులందరికీ చెప్పిన మాటే కదా మామయ్యా?"

"వాళ్లు పరాయివాళ్లమ్మా," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ.

లేచి లోపలికి వెళ్లాను. అక్క రాయపూర్ ప్రయాణానికి సంచి సర్దుతోంది. అత్తయ్య పక్కనే కూర్చుని పాత రిపోర్టులు వరస పెడుతున్నారు.

"అత్తయ్యా, నిన్న అక్క నాకేం చెప్పలేదు. మీకు భయపడి అబద్ధమాడాను. జాంచ్ ముందు బావగారికి చేయించాలి. మామయ్య రాసిందాంట్లోంచి ఆ మాట నేను తీయను."

"ఏందే, నిన్నగాక మొన్న వచ్చి నువ్వు..."

అక్క నా వైపు చూడలేదు. చూస్తుందని ఆశపడే హక్కు నాకెక్కడిది? సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. ఖాళీ సంచి అత్తయ్య ఒళ్లో పెట్టింది.

"మీ అబ్బాయి బట్టలు సర్దండత్తయ్యా. ఈసారి వెళ్లేది ఆయన."