చూద్దాంగారి ఇల్లు

ఆ ఇంటి ఓనరుకి తల్లిదండ్రులు ఏం పేరు పెట్టారో గానీ, అద్దెకున్న అత్తాకోడళ్ళు మాత్రం చూద్దాంగారని పెట్టుకున్నారు. వంటింట్లో కుళాయి కారుతోందండీ అంటే చూద్దాం అనేవాడు. పడగ్గది తలుపు పట్టడం లేదండీ అన్నా చూద్దామే. పెరటి మెట్టు విరిగిపోయింది, మా అత్తయ్య పెద్దావిడ, కాలు జారితే ఎలాగండీ అని కోడలు మొత్తుకుంటే, ఓసారి ఆకాశంలోకి చూసి "చూద్దాంలేమ్మా" అనేవాడు. రెండేళ్ళలో ఆయన చూసింది ఆ ఆకాశం ఒక్కటే.

అంతటి మహానుభావుడు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం ఎంత జాగ్రత్తపడ్డాడో చూడండి. సామాను దించకముందే తన చేత్తో రాసిన కాగితం ఒకటి తెచ్చి కోడలి ముందు పెట్టాడు. అందులో ఇంట్లో ఉన్న పదకొండు లోపాలు వరసగా ఉన్నాయి. ఒకటి, వంటింటి కుళాయి కారును. రెండు, పడగ్గది తలుపు నేలకు రాసుకొనును. అలా అలా దిగి పదకొండోది, పెరటి మెట్టు విరిగియున్నది. అడుగున ఇంకో మాట. "పై లోపములన్నియు చూచుకొనియే దిగుచున్నాము. ఇల్లు ఏ స్థితిలో తీసుకొంటిమో అదే స్థితిలో తిరిగి అప్పగించగలము." రేపెప్పుడో ఇవన్నీ బాగుచేయించమని తన నెత్తిన కూర్చోకుండా ముందరికాళ్ళకి బంధం వేశాడన్నమాట. ఆయన ప్రతి మీదా, తన ప్రతి మీదా కోడలు సంతకం పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? మొగుడు లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అప్పటికే రెండు ఇళ్ళు చెయ్యి జారిపోయాయి.

"అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి, బుద్ధే వంకర" అంది అత్త ఆ కాగితం చూసి.

చూద్దాంగారికి తెలియని సంగతి ఏమిటంటే, కోడలు పనిచేసేది హార్డ్‌వేరు షాపులో. తొమ్మిదేళ్ళుగా కౌంటర్లో నిలబడి మేస్త్రీలతో, ప్లంబర్లతో వాదించీ వాదించీ, ఏ మరకి ఏ పాన కావాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చేత్తో చేసింది మాత్రం సున్నా. ఇక ఈయన చూడడని తేలిపోయాక ఒక ఆదివారం కుళాయి విప్పింది. పైన వాల్వు కట్టెయ్యాలన్న సంగతి మరిచిపోయింది. నీళ్ళు చిమ్మి కప్పుకి తగిలి కిందికి కురిశాయి. అత్త పరిగెత్తుకెళ్ళి గొడుగు తెచ్చి కోడలి నెత్తి మీద పట్టింది.

"జలుబు చేస్తుందే అమ్మాయ్, ముందు ఆ తిప్పేదేదో తిప్పి చావు!"

ఇద్దరూ ఆ తడి నేల మీద కూలబడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వారు. సాయంత్రానికి కుళాయి నోరు మూసుకుంది.

అక్కణ్ణుంచి కోడలికి పని రుచి తెలిసింది. ప్రతి ఆదివారం ఏదో ఒకటి. తలుపుకి కొత్త బందులు వేసింది. వేలితో తోస్తే చాలు, మూసుకునేది. పనేమీ లేకపోయినా అత్త రోజుకి పదిసార్లు దాన్ని వేసి తీసేది. ఫ్యాను రెగ్యులేటరులో ఐదు అంకెలున్నా అన్నిటికీ ఒకటే వేగం. అదీ మార్చింది. మూడో అంకె నాదని అత్త ప్రకటించేసి ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ముట్టుకుంటే జిల్లుమనే స్నానాలగది స్విచ్చు మాత్రం షాపుకొచ్చే ఎలక్ట్రీషియన్ను బతిమాలి బాగుచేయించింది.

అన్నిట్లోకీ మెట్టు పెద్ద పని. అర బస్తా సిమెంటు, పాతిక ఇటుకలు. పాళ్ళు ఎలా కలపాలో షాపుకొచ్చే మేస్త్రీ చెప్పాడు. ఇసుక అత్త జల్లించింది. మామూలు మెట్టులా కాక వెడల్పుగా, అత్త మోకాళ్ళ ఎత్తు కొలిచి మరీ, వాననీళ్ళు నిలవకుండా కాస్త వాలుగా కట్టింది. అది ఆరిన దగ్గర్నుంచీ సాయంత్రం కోడలు షాపునుంచి రాగానే ఇద్దరూ టీ గ్లాసులతో దాని మీదే కూర్చునేవారు. ఆ వేళకి ఎండ సరిగ్గా పాదాల మీదికొచ్చేది. అత్త బిస్కెట్టు ముంచి మూడు లెక్కపెట్టి తీసేది. అది విరిగి టీలో పడితే బిస్కెట్టు కంపెనీని తిట్టేది. కోడలు చెప్పులు విడిచి వేళ్ళు చాచేది. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళు అవి. ఆ అరగంట కోసమే ఆమె మిగతా రోజంతా నెట్టుకొచ్చేది.

ఇల్లలా తయారయ్యాక ఒక ఆదివారం చూద్దాంగారు ఊడిపడ్డాడు. కుళాయి తిప్పాడు, తలుపు తోశాడు, మెట్టు మీద కాలితో తట్టి చూశాడు. "బాగుందే!" అని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యాలమ్మా. మా ఆఫీసులో పెద్దసారు కూతురు ఈ ఊరొస్తోంది. మంచి ఇల్లు చూడమన్నారు. నా ప్రమోషను ఆయన చేతిలో ఉంది, అర్థం చేసుకో."

"మూడు నెలలైనా గడువివ్వండి. మా అత్తయ్య మేడలెక్కలేరు, కింద ఇళ్ళు దొరకడం లేదు."

రెండేళ్ళూ చూద్దాం చూద్దాం అన్న ఆ నోట ఆ రోజు ఆ మాట రాలేదు. "కుదరదమ్మా" అనేశాడు.

కోడలు దాన్ని కూడా దిగమింగింది. ఇల్లు ఆయనది, పొమ్మంటే పోవాలి. వీధి చివర మేడ మీద రెండు గదులు దొరికాయి, వాటికే మాటిచ్చింది. పెద్దసారుకి, ఆయన కూతురికి ఇల్లు చూపించడానికి చూద్దాంగారు వాళ్ళను వెంటబెట్టుకుని వస్తే, మర్యాదకి టీ కూడా పెట్టింది. వంటింట్లో వడపోస్తుండగా పెరట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"అన్నీ దగ్గరుండి నేనే చేయించానండి సార్. ఈ మెట్టు చూడండి. అద్దెకున్న పెద్దావిడ కూర్చోవడానికి ఇబ్బంది పడుతోందని ప్రత్యేకంగా కట్టించాను. మనిషన్నాక ఆ మాత్రం జాలి ఉండాలి కదండీ."

"నీలాంటి ఓనర్లు ఎక్కడుంటారయ్యా!" అన్నాడు పెద్దసారు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇటుకలు షాపునుంచి రెండేసి చొప్పున సంచిలో మోసుకొచ్చింది తను. టీలో ఇంత ఉప్పు కొట్టి ఇద్దామా అనుకుంది. ఉప్పుతో చల్లారే మంట కాదది. ఖాళీ చేయించావు, సరే. నా చేతుల్ని కూడా నీవే అంటావా? ఆ పెద్దసారు ముందే, నీ నోటితోనే, ఇవి ఎవరు చేశారో చెప్పించకపోతే నేను మనిషినే కాను అనుకుంది. వాళ్ళు వెళ్ళాక చూస్తే అత్త గదిలో గోడకేసి తిరిగి పడుకునుంది. ఆవిడా వింది.

"నా మీద జాలిపడ్డాట్ట, విన్నావా?" అంది గోడతోనే.

కోడలు పెట్టె అడుగునుంచి ఆ కాగితం తీసింది. అదే స్థితిలో తిరిగి అప్పగించగలము. చదివి, మళ్ళీ చదివి, అత్త పక్కన కూర్చుని పైకి చదివింది. అత్త మెల్లగా ఇటు తిరిగింది.

"పాత సామాను ఉందా?"

"ఒక్క మేకు పారెయ్యలేదు అత్తయ్యా. పెయింటు డబ్బాలో ఉంది."

హార్డ్‌వేరు షాపులో తొమ్మిదేళ్ళున్న మనిషి విప్పిన సామాను పారేస్తుందా? ఆ చివరి వారం అత్తాకోడళ్ళకి పండగే. సాయంత్రానికి ఒకటో రెండో. తలుపు కొత్త బందులు విప్పి పాతవి వేసింది. అది మళ్ళీ నేల మీద ఈడ్చుకుంటూ ఏడ్చింది. రెగ్యులేటరు విప్పుతుంటే అత్త తన మూడో అంకెని ఒకసారి నిమిరి, "కానీ" అంది. కుళాయికి పాత మర బిగించి ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. టప్ మని ఒక చుక్క పడింది.

"పడిందే! అమ్మాయ్, పడిందే!" అత్త చప్పట్లు కొట్టింది.

స్నానాలగది స్విచ్చు జోలికి మాత్రం కోడలు పోలేదు. "పగ తీర్చుకుంటాను గానీ ఎవరి ప్రాణం మీదికీ తేను" అంది.

"సరే, అదొక్కటీ ఆయనకి దానం" అంది అత్త.

ఖాళీ చేసే రోజు పొద్దున మెట్టు మిగిలింది. కోడలు సుత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అత్త మెట్టు మీదే కూర్చుని టీ తాగుతోంది. కోడలి చెయ్యి పైకి లేవలేదు. మూడు ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుని, అంగుళం అంగుళం నున్నగా చేసిన మెట్టు అది.

"ఇది వదిలేద్దాం అత్తయ్యా. మిగతావి చాల్లెండి."

అత్త ఆఖరి గుక్కదాకా నింపాదిగా తాగి, గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఇది ఎవరికోసం కట్టించాట్ట?"

"పెద్దావిడ కోసమట."

"ఆ పెద్దావిడని నేనే కదూ? ఇలా తే."

సుత్తి లాక్కుని రెండు చేతులతో ఎత్తి వేసింది. మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. మూడో దెబ్బకి అంచు లేచింది. ఆవిడ ఏడుస్తూనే కొట్టింది, కొడుతూనే చూద్దాంగారి ఏడు తరాల్నీ తిట్టింది. చేతులు పడిపోయాక కోడలు అందుకుంది. గంటలో అది విరిగియున్నది.

మొగుడు తన లారీతోనే వచ్చి సామాను ఎక్కించాడు. ఆయనకి సంగతంతా తెలుసు. "మీ ఇద్దరి మధ్యకీ నేను రాను" అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పదింటికి చూద్దాంగారు పెద్దసారునీ, ఆయన కూతుర్నీ కార్లోంచి దింపి, పెళ్ళివారిలా లోపలికి తీసుకొచ్చాడు. పడగ్గది తలుపు తోశాడు. అది కదిలితేగా. భుజంతో నెట్టాడు. కీచుమంటూ సగం తెరుచుకుంది. ఫ్యాను వేశాడు, తగ్గించబోయాడు, అది తగ్గలేదు. వంటింట్లో టప్ టప్ మంటోంది. పెరట్లో ముక్కలు చూసి పెద్దసారు కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం చేశావు నా ఇంటిని?" చూద్దాంగారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఎలా ఇచ్చారో అలా అప్పగిస్తున్నానండీ. మీరు రాయించుకున్నదే." కోడలు కాగితం తీసి ఆయనకి కాదు, పెద్దసారుకి ఇచ్చింది.

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని పదకొండూ చదివాడు. "రాత నీదే కదయ్యా?"

"నాదే సార్, కానీ అది అప్పటి మాట. తర్వాత నేనే కదా చేయించాను..."

"ఏ మేస్త్రీతో చేయించారండీ?" అంది కోడలు. "సిమెంటు ఏ కొట్లో కొన్నారు?"

చూద్దాంగారు ఓసారి ఆకాశంలోకి చూశాడు.

"ఇవి మీరు చేయించినవే అయితే నేను దొంగని. పోలీసుల్ని పిలవండి, ఇక్కడే నిలబడతాను. నేను చేసుకున్నవే అయితే నా సామాను నేను పట్టుకుపోతున్నాను. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. సారుగారు వింటున్నారు."

ఆయన పెద్దసారు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఆవిడే చేసుకుంది సార్" అని గొణిగాడు.

"మా అత్తయ్యకి వినబడలేదండీ."

అత్త వెంటనే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కింట్లో చెంచా పడినా వినబడే చెవి అది.

"అన్నీ ఆవిడే చేసుకుంది!"

"మెట్టూ?" అంది అత్త.

"మెట్టూ ఆవిడే కట్టింది!"

పెద్దసారు కాగితం మడిచి కోడలి చేతిలో పెట్టాడు. "పదమ్మా" అన్నాడు కూతురితో. గేటు దగ్గర ఆగి, "నాతో అబద్ధం ఆడాల్సిన అవసరం ఏమొచ్చిందయ్యా నీకు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కారెక్కాడు.

కారు కదలగానే చూద్దాంగారు కోడలి ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"తల్లీ, మీరే ఉండండి. ఎన్నేళ్ళైనా ఉండండి, కాగితం రాసిస్తాను. అన్నీ మళ్ళీ బిగించుకోండి. పెద్దసారుతో ఒక్కమాట చెప్పు చాలు. ఏదో పొరపాటైంది, మేమూ మేమూ సర్దుకున్నాం అని."

ఆ ఇంట్లో ప్రతి మరా ఆమె చేతికి తెలుసు. వెళ్ళబోయే చోట పద్దెనిమిది మెట్లెక్కాలి, పెరడు లేదు, సాయంత్రం ఎండ రాదు. ఒక్కమాట చెబితే ఇల్లు తనది. అత్త వైపు చూసింది.

"నీ ఇష్టమే అమ్మాయ్" అంది అత్త.

కోడలు ఆవిడ చేతుల్ని చూసింది. సిమెంటు దుమ్ము, బొటనవేలి దగ్గర బొబ్బ.

"అబద్ధం మీరే ఆడారు, మీరే మోసుకోండి" అని అత్త చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించింది.

లారీ నాలుగిళ్ళు దాటేసరికి కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. మంచి ఇల్లు పోయింది, పిలిచి ఇస్తుంటే కాలదన్నుకుంది, అత్తయ్య ఈ వయసులో మేడలెక్కాలి. వెక్కుతూనే కిటికీలోంచి వెనక్కి తిరిగింది. చూద్దాంగారు నడిరోడ్డు మీద ఫోను చెవికి పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, అవతల ఎత్తని ఆ ఫోనుకి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు.

"పోనీ, వెనక్కి తిప్పమంటావా?" అన్నాడు మొగుడు జాలిగా.

"వద్దండీ. కాసేపు ఆపండి చాలు" అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ. "ఇది చూడ్డానికి ఇంకో ఇల్లైనా వదులుకుంటాను."

లారీ ఆగింది. మధ్యలో కూర్చున్న అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, కోడల్ని మోచేత్తో పొడిచింది.

"కాస్త వెనక్కి జరగవే, నాకు కనబడటం లేదు."