గడప తడవనంత ఎత్తు

మా అత్తగారు పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉంది. ఆవిడ రెండు జడల పిల్లగా ఉన్నప్పుడే ఆనకట్ట కట్టి, అందరినీ ఖాళీ చేయించి, రిజర్వాయరు నింపేశారు. ఇప్పుడు ఆవిడ చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకొస్తోంది. మిగిలింది తాళంచెవి కన్నంలోంచి కనిపించినంత. అది కూడా ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. "ఉండగానే చూడాలనుకున్నవి చూసేయండమ్మా" అన్నాడు.

మనవల్నో సముద్రాన్నో అడుగుతారనుకున్నాం. తను పుట్టిన ఇల్లు చూస్తానన్నారు.

"నీళ్ళలో ఉన్నదాన్ని ఎలా చూస్తారత్తయ్యా?" అన్నాను.

"నీ మొగుడు చేసే ఉద్యోగం అదేగా, అమ్మాయ్."

నిజమే. మావారిది మ్యాపుల ఆఫీసు. పాత సర్వే పటాల్లోని గీతల్ని, చుక్కల్ని, కంప్యూటర్లో తిరిగే భూగోళం మీద కనబడే ఫైళ్ళుగా మార్చడం ఆయన పని. కాగితం మీద బోర్లా పడుకున్న ఊరు ఆయన చేతిలో పడితే లేచి, ఒళ్ళు విరుచుకుని, భూమి మీద తన చోటు వెతుక్కుని కూర్చుంటుంది. తన కళ్ళజోడు చోటు మాత్రం ఆయనకు నేనే చెప్పాలి.

ఆనకట్టకు ముందు చేసిన సర్వే ఆఫీసులోనే దొరికింది. ప్రతి ఇంటి గోడల కొలతలూ, అది ఎంత ఎత్తున ఉందో కూడా రాసి పెట్టారు. ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు ఆయన. పక్కన నేను బీన్స్ తుంచుకుంటున్నాను. అత్తగారు మొహానికి పౌడరు రాసుకుని మరీ వచ్చారు, పుట్టింటికి బయల్దేరినట్టు.

తెర మీద భూగోళం ఒకసారి తిరిగి మా మీదకు వచ్చింది. కొండలు వచ్చాయి, కొండల మధ్య ఆకుపచ్చగా నిద్రపోతున్న నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత ఊరు వచ్చింది, ఆకాశంలో.

ఇళ్ళన్నీ పసుపు గీతలై, నీళ్ళకు ఎంతో ఎత్తున, దేన్నీ ఆనుకోకుండా నిలబడి ఉన్నాయి. దండెం తెగినా ఆరేసిన బట్టలు కింద పడటం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా. వీధి మబ్బుల్లోకి ఎక్కిపోతోంది. అన్నిటికన్నా పైన ఒక ఎర్ర గీతల ఇల్లు. అత్తగారికి తలుపు మీది నంబరు ఇంకా గుర్తుంది. దాన్ని బట్టి ఆయన వేసిన రంగు అది.

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. తర్వాత తెర మీద వేలు పెట్టారు.

"మా మేనత్త వాళ్ళిల్లు ఎంత పల్లంలో ఉందో చూడండి. మాది మెరక అంటే జన్మలో ఒప్పుకోలేదు మహాతల్లి."

వేలు ఊరి మొదట్నుంచి నడవడం మొదలుపెట్టింది. "ఇక్కడ కమ్మరి కొలిమి. వేడికి ఈ పక్క నుంచి పోవాలి." వేలు పక్కకు జరిగింది. "ఇక్కడ ఒక కుక్క ఉండేది." వేలు ఆగిపోయింది, పరిగెత్తాలా వద్దా అన్నట్టు.

"ఏదో తప్పుంది" అన్నారు మావారు. సర్వే కాగితాలు తిరగేసి నుదురు కొట్టుకున్నారు. "అప్పటివాళ్ళు ఎత్తులు అడుగుల్లో రాశారు. నేను మీటర్లనుకుని మార్చేశాను. అందుకే ఊరు మూడింతలు పైకి లేచిపోయింది. ఒక్క నిమిషం, సరిచేస్తాను."

"ఉండనివ్వండి, ఆవిడ ఇంకా ఇంటికి చేరలేదు" అన్నాను.

కానీ తప్పు కళ్ళెదుట ఉంటే ఆయనకు పంట్లో పీచు ఇరుక్కున్నట్టే. సరిచేశారు. ఊరు మాయమైంది. తెర నిండా ఆకుపచ్చ నీళ్ళు.

"ఏదిరా?"

"సరైన ఎత్తుకి వెళ్ళిందమ్మా. నీళ్ళ కింద ఉంది. ఈ భూగోళం నీళ్ళ పైభాగం దాకానే చూపిస్తుంది."

"అప్పుడు సర్కారు ముంచింది, ఇప్పుడు నువ్వు ముంచావు. వాళ్ళే నయం, ముందుగా చెప్పి ముంచారు." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. మరకేమీ లేదు దాని మీద. "కుక్క దగ్గరే నిలబడిపోయానురా."

ఆయన మొహం చిన్నబోయింది. "తప్పని తెలిసి ఎలా ఉంచనమ్మా? వాలు కూడా మూడింతలు చూపించింది. మీ ఇల్లు మెరకే గానీ అంత మెరక కాదు."

"మరెంత?"

"మేనత్త గారింటి కన్నా మనిషెత్తు కూడా ఎక్కువ లేదు."

అత్తగారు ఆలోచించారు. "ఆ సంగతి మన మధ్యే ఉండనీ."

నాకు డిగ్రీలో చదివిన భూగోళ శాస్త్రం ఇన్నేళ్ళకు ఒక మూల కదిలింది. "వాలు సరైనదే ఉంచండి. ఊరు మొత్తాన్ని ఒకేలా పైకి లేపండి. ఇంటికీ ఇంటికీ మధ్య తేడా మారదు కదా" అన్నాను.

"ఊరు ఉన్నది ఆ ఎత్తున కాదు."

"అసలు ఊరుందా అండీ?"

కూరలో ఉప్పు మరిచిపోయిన రోజు చూసినట్టు చూశారు నన్ను. తెర కేసి తిరిగి, ఎవర్నీ ఉద్దేశించకుండా అడిగారు. "ఎంత లేపాలి?"

"గడప తడవకుండా" అన్నారు అత్తగారు.

"అంటే ఎన్ని మీటర్లమ్మా?"

"మీటర్ల సంగతి నాకేం తెలుసు? గడప తడవకుండా."

ఆధారం లేని అంకె ఒక్కటైనా వేసి ఎరగని మనిషి, ఒక అంకె వేశారు. ఎర్ర గీతలు నీళ్ళలోంచి తేలాయి. ఇంకొంచెం పెంచారు. ఒక్కొక్క ఇల్లే, లేవాలో వద్దో తేల్చుకోలేని నిద్రకళ్ళ పిల్లల్లా పైకి వచ్చింది. మేనత్త గారిల్లు అన్నిటికన్నా ఆఖరున, సగం మునిగి. ఆయన మళ్ళీ చెరిపి, దానికి కూడా సరిపడా లేపారు. ఇప్పుడు వీధి మబ్బుల్లోకి ఎక్కడం లేదు. నీళ్ళకు కాస్త పైన, అలవాటైన కాళ్ళకు తప్ప తెలియనంత వాలుతో పోతోంది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వేలు మళ్ళీ కుక్క దగ్గర పెట్టారు. అక్కడ వేలు పరిగెత్తింది. మలుపు తిరిగి, రొప్పు తీర్చుకున్నట్టు మెల్లగా నడిచి, ఎర్ర గీత ముందు ఆగింది.

"తలుపు ఇటు కాదు, అటు."

ఆయన మౌసు పట్టుకుని మెల్లగా తిప్పారు. ఆ ఒక్క ఇంటి చుట్టూ రిజర్వాయరు నీళ్ళు, కొండలు, ఆకాశం అన్నీ గుండ్రంగా తిరిగాయి.

"ఆపు" అన్నారు ఆవిడ.

తెరకు బాగా దగ్గరగా వంగారు. మిగిలిన చూపుకు ఆ ఇల్లు సరిగ్గా సరిపోయింది. వేలు గీత దాటి లోపలికి వెళ్ళింది. అప్పుడు బల్ల కింద నుంచి కాళ్ళు రెండూ తీసి కుర్చీ మీదకు ముడుచుకున్నారు.

"కాళ్ళు లాగుతున్నాయా అమ్మా?" అన్నారు మావారు.

"కింద నీళ్ళు కదరా" అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండానే.