గూడబాతు కంపెనీ తొలి ప్లేటు

ఏలూరులో హార్మోనియాలు బాగుచేసే ముబారక్‌కి పాటల పిచ్చి. ఆ పిచ్చి ముదిరి 1934లో సొంతంగా గ్రామఫోను ప్లేట్ల కంపెనీ పెట్టాడు. దానికి గూడబాతు కంపెనీ అని పేరు, ప్లేటు నడుమ కొల్లేటి గూడబాతు బొమ్మ. గొంతు పెగలని పక్షిని తెచ్చి పాటల మీద కూర్చోబెట్టాడేమిటని బజారంతా నవ్వింది. నవ్వనీ! కొల్లేటి పడవ పాటని లోకమంతా వినాలని ఆయన పట్టుదల. తొలి ప్లేటు అమ్ముడుపోకపోతే మాత్రం కంపెనీ మూసేయాల్సిందేనని భాగస్వామి సత్యనారాయణమూర్తి ముందే తేల్చేశాడు.

పాడడానికి కొల్లేటి లంక నుంచి గంగారత్నాన్నీ, తోడుగా ఆమె భర్త అంకయ్యనీ వెంటబెట్టుకుని ముబారక్ మద్రాసు రైలెక్కాడు. అక్కడ మూసిన గదిలో, మైకు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని పాడిందామె. ఒక్కో ముక్క పాడి ఆగింది. ఊపిరి తీసుకుంటోంది కాబోలనుకున్నాడు ఇంజనీరు. ముబారక్ ఆ గొంతు వింటూ ఒళ్ళు మరిచిపోయి ఉన్నాడు.

నెల తిరిగాక ప్లేట్లొచ్చాయి. కొట్లో ముల్లు పెట్టి వింటే ఆయన గుండె జారిపోయింది. ఒక ముక్క పాడుతుంది, ఆగిపోతుంది. గరగరమని ముల్లు చప్పుడు. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ గరగర.

"మధ్యమధ్యలో ఆవిడ కునుకు తీసిందేంటండీ?" అన్నాడు సత్యనారాయణమూర్తి. "ఇంక మూసేద్దామండీ."

మర్నాడు ముబారక్ గ్రామఫోను పెట్టెనీ ప్లేటునీ పడవలో పెట్టుకుని లంకకి వెళ్ళాడు. వలలు ఆరేస్తున్న జనం చుట్టూ మూగారు.

"గంగారత్నమ్మా, ఎందుకలా ఆగిపోయావమ్మా?" అంటూ కీ ఇచ్చి ముల్లు పెట్టాడు.

పెట్టెలోంచి ఆమె గొంతు లేచింది. ఒక ముక్క పాడి ఆగింది.

"హైలెస్సా!" అన్నారు జనమంతా.

వాళ్ళ మాట ముగిసే సరికి పెట్టెలోని గంగారత్నం అందుకుంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ హైలెస్సా. వెంట్రుకవాసి తేడా లేదు. ముబారక్ ఎన్ని పడవల్లో విన్న వంత అది! గొంతు మోజులో పడి తానే మరిచిపోయాడు.

"అమ్మో, మేం వంత పాడతామని దానికెలా తెలిసిందండీ?" అంటూ ముసలి అమ్మాజీ పెట్టెకి దణ్ణం పెట్టింది.

అంతలో దూరంగా జమ్ము పొదల వెనక నుంచి మరో హైలెస్సా వచ్చింది. ఎవరో పడవ మీద పోతున్నవాళ్ళు, ఈ పెట్టెని కంటితోనైనా చూడనివాళ్ళు.

"వాళ్ళ వంతు నేనెలా పాడేస్తానండీ సాయిబుగారూ?" అంది గంగారత్నం సిగ్గుపడుతూ. "ఆ గదిలో కూడా వీళ్ళంతా నాకు వినబడుతూనే ఉన్నారండీ."

ముబారక్ ఏడ్చేశాడు, నలుగురిలో ఉన్నానన్న సంగతి కూడా చూసుకోలేదు.

ఆ ప్లేట్లు కొల్లేటి చుట్టుపక్కలే అయిపోయాయి. పెట్టె లేని లంకలవాళ్ళు తలాకాస్తా వేసుకుని పెట్టె కొనుక్కున్నారు. సత్యనారాయణమూర్తి మూసేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండో ప్లేటుకి మద్రాసు వెళ్తే, ఖాళీల్లో వంత పాడడానికి ఇంజనీరు మంచి గాయకుల్ని పిలిపించి ఉంచాడు. ముబారక్ వాళ్ళకి కాఫీలు ఇప్పించి పంపేశాడు.

"మరి వంత ఎవరు పాడతారండీ?" అన్నాడు ఇంజనీరు.

"వాళ్ళు ఊళ్ళో ఉన్నారండీ" అన్నాడు ముబారక్.