వారానికి ఏడు ఒక్కపొద్దులు

జ్యోతిలక్ష్మిని మించిన భక్తురాలు మా యూనివర్సిటీలో లేదనుకున్నాం. మా తెలివి తగలెయ్య! సోమవారం శివుడికి ఒక్కపొద్దు. మంగళవారం ఆంజనేయుడికి. గురువారం సాయిబాబాకి. మధ్యాహ్నం మేం హాస్టల్ మెస్‌కి బయల్దేరితే, తను కెమిస్ట్రీ ల్యాబ్ వరండాలో నీళ్ళ సీసా పట్టుకుని కూర్చునేది. "నాకు ఒక్కపొద్దు, మీరు పోయి తినండే" అని నవ్వేది.

ఒక్కపొద్దున్న మనిషిని తినమని అడగడం మా ఊరు కుందుర్పి పక్క తప్పు. వ్రతం చెడితే ఆ పాపం అడిగినవాళ్ళకే చుట్టుకుంటుందని మా అవ్వ చెప్పేది. అందుకని ఎవరమూ అడగలేదు. పైగా మార్కులు రావాలని మా తరఫున కూడా మొక్కుకోమన్నాం, సిగ్గులేకుండా.

ఒక బుధవారం పొద్దున ల్యాబ్‌లో జ్యోతి నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. చేతిలో బ్యూరెట్ పగిలింది. ల్యాబ్ అటెండరు వచ్చి ముందు బ్యూరెట్‌ని చూశాడు, తర్వాత పిల్లని చూశాడు. ఆయన సంగతి తర్వాత చెబుదామనుకుని, నేను జ్యోతిని మెట్ల దగ్గరికి నడిపించి చక్కెర నీళ్ళు తాగించాను.

"ఈ పొద్దు ఏ దేవునిదే?" అన్నాను.

"వినాయకునిది."

"రాత్రి ఏం తిన్నావ్?"

చక్కెర నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"ఒక్కపొద్దుండేవాళ్ళు రాత్రికన్నా తింటారు కదే! ఏం తిన్నావో చెప్పు!"

"టీ తాగినా." తల వంచుకుని చెప్పింది. "ధర్మవరంలో మా మగ్గం నిలిచిపోయినాది ఆశ్రితా. పట్టు ఇచ్చే సేటు ఇయ్యడం మానినాడు. ఇంట్లో పొయ్యి ఒక్క పూటే. నాయనకీ తమ్మునికీ పెట్టినాంక మిగిల్తే అమ్మా నేనూ తింటాం. లేదని చెప్తే పరువు పోతాది. ఒక్కపొద్దంటే గౌరవంగా ఉంటాది కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిపట్టు నేసే ఇంటి పిల్ల తన ఆకలిని దేవుడి చాటున దాచుకోవాల్సి వచ్చింది. వారంలో ఏడుగురు దేవుళ్ళుండీ ఒక్కడూ ఈమెకు అన్నం పెట్టే రకం కాదు.

మధ్యాహ్నం రానంటే రానన్నా వినకుండా రెక్క పట్టుకుని మెస్‌కి లాక్కుపోయాను. నా పళ్ళెంలో సంగటి ముద్ద, పప్పు వేయించుకుని ఆమె ముందు పెట్టాను. తను ముద్ద తుంచి పప్పులో అద్దుకుందో లేదో, వార్డెన్ సునంద మేడం వచ్చి పళ్ళెం లాగేసింది.

"ఈ పిల్ల డే స్కాలర్ కదా? లెయ్ ఈడనుంచి. ఒకరికి పెడితే రేపు ఊరంతా వచ్చి కూర్చుంటాది. రూలంటే రూలే."

"నా కూడే కదా మేడం! నేను పస్తుంటా, ఆమె తింటాది!"

"నీ కూడు నువ్వే తినల్ల. ఇంకోసారి తెస్తే నీకూ మెస్ బంద్."

కూటి ముందర నుంచి కుక్కను కూడా లేపకూడదంటారు మా పక్క. జ్యోతి ఆ తుంచిన ముద్దను అక్కడే పెట్టి, చెయ్యి కడుక్కుని బయటికి నడిచింది. గేటు దగ్గర ఆగి చెప్పింది:

"రేపట్నుంచి రాను. ధర్మవరంలోనే చీరల అంగట్లో చేరతా. ఆకలైతే తట్టుకుంటి గానీ, ఇది తట్టుకోలేను."

"ఎమ్మెస్సీ ఇంకెంత ఉండాదే? శుక్రవారం ఒక్కరోజు రా. మెస్ దగ్గరికే రా. ఆ పైన నీ ఇష్టం."

ఆ సాయంత్రం హాస్టల్లో గది గదికీ తిరిగాను. "నాకు గ్యాస్ట్రిక్ ఉండాదప్పా" అని ఒకతె గొణిగితే, "ఒక పూటకి చావవులే" అన్నాను. నేను అరిస్తే వాళ్ళు వినలేదు. జ్యోతి వారమంతా ఒక్కపొద్దులు ఎందుకుండేదో చెబితే విన్నారు. మా క్లాసులకి వచ్చిపోయే డే స్కాలర్లలో ఇంకెందరు అట్లా భక్తురాళ్ళయ్యారో అప్పుడు తలా ఒక పేరు చెప్పారు. వాళ్ళందరికీ శుక్రవారం మెస్ దగ్గరికి రమ్మని కబురు పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం హాస్టలంతా మెస్‌లో బారులు తీరి కూర్చున్నాం. ఎవరి ముందూ పళ్ళెం లేదు. వంట చేసే నాగలక్ష్మమ్మ గంటె పట్టుకుని బిత్తరపోయింది. సునంద మేడం ఉరుక్కుంటూ వచ్చింది.

"ఏమే, ఏమైంది మీకు?"

"ఒక్కపొద్దు మేడం," అన్నాను.

"అందరికీనా? ఏ దేవునికి?"

"అన్నపూర్ణమ్మకి. శుక్రవారం మీకూ ఒక్కపొద్దే కదా. ఒక్కపొద్దున్నోళ్ళని తినమనకూడదు, మీకు తెలియందా!"

బానలో సంగటి చల్లారుతోంది. నాగలక్ష్మమ్మ గంటె కింద పెట్టింది.

"ఏం జేయల్ల మేడం? పారబోసేదైతే ఇంకొకరిని పిలుచుకోండి. ఈ కరువు సీమలో పుట్టి కూడు పారబోసేది నా చేత కాదు."

"వాకిట్లో ఆకలిగొన్నోళ్ళు ఉండారక్కా," అన్నాను. గడప అవతల, వేపచెట్టు కింద డే స్కాలర్ పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందర జ్యోతి. వచ్చింది!

మేడం నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "రేపు కూడా ఇట్లే చేస్తారా?"

"రేపు శనివారం, వెంకటేశ్వరస్వామి. ఎల్లుండి సూర్యుడు. సోమవారం శివుడు. మన అనంతపురంలో వానలకు కరువు గానీ దేవుళ్ళకు కరువా మేడం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం మొహం కందగడ్డ అయింది. విసురుగా గడప దగ్గరికి పోయి జ్యోతినే నిలదీసింది.

"ఏమ్మా, నీకూ ఒక్కపొద్దే కదా? రోజూ ఉంటావంట?"

అవునంటే చాలు, పరువు దక్కుతుంది, ఇంటికి పోవచ్చు. జ్యోతి చున్నీ కొస చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"కాదు మేడం," అంది. "ఏ పొద్దూ ఒక్కపొద్దు లేను. అబద్ధం చెప్పినా. నాకు ఆకలి. రోజూ ఆకలే."

వెనక నుంచి ఒక పిల్ల, "నాకూ అంతే మేడం," అంది. ఇంకొకతె ముందుకొచ్చి జ్యోతి పక్కన నిలబడింది.

సునంద మేడం వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. "పెట్టు నాగలక్ష్మమ్మా," అని గోడవైపు తిరిగింది. "రూలు సంగతి పైవాళ్ళతో నేను మాట్లాడతా."

జ్యోతి మొన్న ఏ చోటి నుంచి లేచిపోయిందో సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంది. ముద్ద మొత్తం తినింది. తల దించుకోలేదు. మాకందరికీ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, అయినా ఒక్కరూ లేవలేదు. పళ్ళెం ఖాళీ అయ్యాక జ్యోతి దాన్ని రెండు చేతులతో పైకెత్తింది.

"ఇంకో ముద్ద పెట్టక్కా," అంది, మెస్ అంతటికీ వినపడేట్టు.

నాగలక్ష్మమ్మ పెద్ద ముద్దే వేసింది.